సకినాల చెయ్యి

అక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను చంద్రపూర్ బజారులో దర్జీ ముందు నిలబడి ఉన్నాను. అతను టేపు మెడలో వేసుకుని "తాయీ, బాహ్యా లాంబ్ కీ ఆఖూడ్?" అంటున్నాడు. జాకెట్టుకు పొడుగు చేతులు పెట్టాలా, పొట్టి చేతులా అని అతని ప్రశ్న. ఫోనులో మా పాత కాలనీ పిల్ల ఏడుస్తోంది. పెళ్లయి మంచిర్యాల వెళ్లిన పిల్ల. భర్త రిటైరయ్యాక అక్క కూడా ఆ ఊరే చేరింది. "ఆంటీ, అక్క లేదు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే కుర్చీల ఒరిగిందట" అంది.

"పొట్టి చేతులు పెట్టు, బాగా పొట్టిగా" అని దర్జీకి తెలుగులో చెప్పేశాను. అతను వెర్రిమొహం వేశాడు. దుకాణం మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వాను కూడా. ఆమెను తలుచుకుని తీరుబడిగా ఏడవడం ఎవరివల్లా కాదు. మధ్యలో ఆమె అన్న మాట ఏదో ఒకటి వచ్చి అడ్డం పడుతుంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. మా కాలనీలో ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు, ఇప్పుడు నేను కొత్తగా మొదలుపెట్టడం బాగుండదు. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే అనేవారు. పాలవాడికీ అక్కే, మరాఠీ టీచరమ్మకీ అక్కే.

మాది కృష్ణా జిల్లా. మా ఆయనకు మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కన సాస్తి దగ్గర బొగ్గు గనిలో వర్క్‌షాపు ఉద్యోగం. అక్కడ అందరూ తెలుగువాళ్లే, నీకేం భయం లేదన్నారు కదా అని ధైర్యంగా సామాను సర్దుకుని వచ్చాను. వచ్చిన రోజు పెరట్లో గిన్నెలు తోముతుంటే గోడ అవతలి నుంచి ఒక గొంతు, "ఏందే పిల్లా, వచ్చిన్నాడే బోళ్లన్ని ముంగటేసుకున్నవు? జర ఊపిరి పీల్చుకో" అంది. నాకు సగం అర్థమైంది. "మీరెవరండీ?" అన్నాను. గోడ మీదుగా ఒక నవ్వుమొహం లేచింది. "మీరు మీరంటవేందే? ఈడ నేనొక్కదాన్నే ఉన్న. నీకు నలుగురు కనవడుతున్నరా?"

ఆమె భర్త డంపర్ నడిపేవాడు. మా రెండు క్వార్టర్లకూ మధ్య ఆ గోడ ఒకటే. అక్కడ ఉన్నన్నాళ్లూ నేను ఆమెను మీరు అనే అన్నాను. అన్నప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి, ఇంకెవరన్నా వచ్చారేమో అని వెతికేది.

ఆమెకు సోరియాసిస్. నేను వచ్చేటప్పటికే ఉంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో చర్మం ఎర్రగా మందంగా లేచేది. దాని మీద తెల్లటి పొలుసులు. ఉన్నట్టుండి తగ్గేది, ఉన్నట్టుండి పెరిగేది. చివరిదాకా ఆమెను వదల్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను రాయబోయేది రోగం నయమైన కథ కాదు, ఆమె గెలిచిన కథ.

మొదట నాకు ఆమె అలవాట్లు తెలిశాయి, తర్వాతే రోగం తెలిసింది. మే నెలలో చంద్రపూర్ ఎండకు కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. ఆ ఎండలో ఆమె మణికట్టుదాకా చేతులున్న జాకెట్టు తొడుక్కునేది. నల్ల చీర, నీలం చీర కట్టేది కాదు. ఎవరింట్లోనూ మంచం మీద కూర్చునేది కాదు, ప్లాస్టిక్ కుర్చీ అడిగేది. లేచేటప్పుడు తను కూర్చున్న చోటు కొంగుతో ఒకసారి దులిపి లేచేది. బస్సులోనూ అంతే, గుడిలోనూ అంతే. శుభ్రం ఎక్కువేమో అనుకున్నాను. కొన్నాళ్లు మా ఆయనతో "ఆవిణ్ణి చూసి నేర్చుకోండి" అని కూడా అన్నాను.

ఆమె ఆ రోగంతో కాపురం చేసింది. కాపురమన్న తర్వాత తిట్లూ ఉంటాయి, సరసాలూ ఉంటాయి. "ఇయ్యాల మోచెయ్యి గరం మీదున్నది, ఎవలో నన్ను తిట్టుకుంటున్నరు" అనేది. మనసు కలతపడితే పొలుసు పెరుగుతుందని డాక్టరు చెప్పక ముందే ఆమెకు తెలుసు. ఇంట్లో గొడవ జరిగితే మూడో రోజుకల్లా మోచెయ్యి చెప్పేదట. "మొగడు అబద్ధమాడుతడు, కొడుకు అబద్ధమాడుతడు, గీ మోచెయ్యి మాత్రం అబద్ధమాడది" అనేది.

ఇక సలహాలు. కాలనీలో వైద్యం తెలియనివాళ్లు ఎవరున్నారు? వంకాయ మానమన్నారు, మానేసింది. ఎండుచేపలు మానమన్నారు, అదీ మానేసింది. వేపాకు నూరి పట్టించింది, గంధకం నూనె రాసింది, ఎవరో బాబా ఇచ్చిన బూడిద నీళ్లలో కలుపుకు తాగింది. చంద్రపూర్‌లో చర్మం డాక్టరు దగ్గరకు నేనే ఒకసారి తోడు వెళ్లాను. ఆయన మందులు రాసి, "టెన్షన్ తీసుకోవద్దు బాయీ" అన్నాడు హిందీలో. ఆమె కూడా హిందీలోనే, "నేనేడ తీసుకుంటున్న సాబ్, అదే ఇంటికొచ్చి ఇచ్చిపోతది" అంది. డాక్టరు నవ్వి, మనసు బాగుంటే సగం తగ్గుతుందన్నాడు. "అయితే మనసుకు గూడ ఒక మలాం రాయిండ్రి" అంది. ఆ డాక్టరు అంతగా నవ్వడం ఆయన కంపౌండరు కూడా ఎప్పుడూ చూసి ఉండడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసింది. ఆమె పక్కన మాత్రం ఒక సీటు ఖాళీ. ఎక్కినవాళ్లు ఆమె మెడ మీద మచ్చ చూసి, రాడ్డు పట్టుకుని నిలబడేందుకే ఇష్టపడ్డారు. నేను మందుల చీటీ చేత్తో పట్టుకుని ముందు సీటులో కూర్చున్నాను. "ఇటు రాయే, రాణిలెక్క పోదాం" అని పిలిచింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. కొంచెం ఎడంగా కూర్చున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దాన్ని మించిన పని ఇంకొకటి చేశాను. ఆ ఏడు ఆమె భర్త డ్యూటీ నుంచి వస్తూ స్కూటరు మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. ఇంట్లో మంచం పట్టిన మనిషి, పదో తరగతిలో ఉన్న కొడుకు, ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుడు. ఆయన కాలు అతుక్కుంది కానీ ఈమె చర్మం మాత్రం విరుచుకుపడింది. ఎప్పుడూ లేనిది చేతుల వెనక, మణికట్టు మీద, వేళ్ల కణుపుల దాకా వచ్చేసింది. అరచేతులు మాత్రం మిగిలాయి. దురదకు నిద్ర లేదు, దుప్పటి నిండా పొలుసులు. ఇక జాకెట్టు దాచగలిగేది కాదు.

అప్పుడు నేను మా వంటింట్లో ఒక స్టీలు గ్లాసు వేరుగా పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆమె వస్తే దాంట్లో టీ పోసేదాన్ని, తర్వాత వేరుగా కడిగి వేరే మూల బోర్లించేదాన్ని. డాక్టరు అంటుకోదని చెప్పగా నా చెవులతో విన్నదాన్ని. చదువుకున్నదాన్ని. అయినా చేశాను. ఓ నాలుగు రోజులకు ఆమె వస్తూ వస్తూ కొంగు చాటు నుంచి తన ఇంటి గ్లాసు తీసి నా ముందు పెట్టింది. "గిండ్ల పొయ్యి. ఏది నాదో యాదికి పెట్టుకునుడు నీకు కష్టమైతుందేమో అని నేనే తెచ్చుకున్న." కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది, టీ బాగుందని కూడా అంది. 

ఇప్పుడు సకినాల సంగతి చెప్పాలి. మా కృష్ణా జిల్లా వైపు అరిసెలు, లడ్డూలు ఎలాగో తెలంగాణ పెళ్లిళ్లకు సకినాలు అలాగ. పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు సారెలో గంపల కొద్దీ పెడతారు. అక్కడ వాటిని ఇల్లిల్లూ పంచుతారు. బియ్యం నానబెట్టి, తడి పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, వేళ్ల మధ్య పురి తిప్పుతూ తెల్ల ధోవతి మీద చుట్లు చుట్లుగా పేర్చాలి. గొట్టాలూ అచ్చులూ లేవు. చెయ్యే అచ్చు. ఆ చెయ్యి మా కాలనీలో అక్కది. ఆమె వేళ్ల నుంచి పిండి తెగకుండా దిగుతుంటే నేను పని మానుకుని చూసేదాన్ని. ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య గోరు పట్టేంత సందు, అన్నిచోట్లా ఒకటే. ఏ ఇంట్లో పెళ్లయినా ముహూర్తం పెట్టించిన సాయంత్రమే ఆ ఇంటి ఆడవాళ్లు అక్క ఇంటికి బొట్టు పెట్టి పిలవడానికి వచ్చేవారు. ఆ పిలుపు వచ్చిన రోజు ఆమె నడక చూడాలి. గని మేనేజరు కూడా అంత ధీమాగా నడవడు.

ఆమె చేతుల మీద పొలుసులు బయటపడ్డ ఏడు కాలనీలో ఒక ఇంట్లో పెళ్లి. ఆడవాళ్లం అందరం కూర్చున్నాం. ఎదురుగా పెద్దవ్వ. కాలనీలో అందరికంటే పెద్దది. గని తెరిచిన కొత్తలో భర్తతో వచ్చిన మనిషి, ఆవిడ ఊ అంటేనే ఏ పనైనా. అక్క చేతులు కడుక్కుని వచ్చి పిండి ముద్ద అందుకోబోయింది. పెద్దవ్వ ఆ గిన్నెను తనవైపు లాక్కుంది.

"నువ్వు పొయ్యికాడ కూసో బిడ్డా. చుట్టుడు ఇయ్యాల వీళ్లు చూసుకుంటరు."

"ఎందుకవ్వా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? పదిమంది తినేది. పొలుసు రాలుతది."

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అక్క లేచింది. లేస్తూ అలవాటు ప్రకారం కూర్చున్న చోటు కొంగుతో దులిపింది. నేను తలదించుకుని నువ్వులు ఏరుతున్నట్టు నటించాను.

ఆ తర్వాతి పెళ్లికి పొయ్యి దగ్గరికి కూడా పిలవలేదు. ఎవరో మహారోగం, కుష్ఠు అన్నారు, మాట కాలనీ అంతా తిరిగింది. ఆమె పట్టుదలగా డాక్టరు దగ్గరకు వెళ్లి, ఇది అంటుకునే రోగం కాదని మరాఠీలో రాయించుకుంది. తెలుగులో రాయిస్తే చదివేవాళ్లు ఎవరున్నారు, మరాఠీ బడిలో చదివిన మా పిల్లల్లో! దాన్ని లామినేషన్ చేయించి గుమ్మానికి వేలాడదీసింది. వారం రోజులు చూసింది. చదివినవాళ్లు చదివారు, గుమ్మం లోపలికి మాత్రం ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజు దాన్ని తీసి బియ్యం డబ్బా మీద మూతగా పెట్టింది. "మహారోగమే అనుకో. దానికి సుత మందున్నది, తగ్గుతది. మనిషిని ఎల్లగొట్టే రోగానికే మందు లేదు" అని నాతో అంది.

ఆ చలికాలం ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోతే గోడ ఇవతల నాకు ఇల్లు చల్లగా అనిపించేది. పొలుసులు ఒంటి నిండా పాకాయి. చీర కట్టుకుంటే మంట, విప్పితే చలి. పెరట్లోకి కూడా వచ్చేది కాదు. మందులు మార్చారు, కొంత తగ్గి మళ్లీ లేచింది. ఒకరోజు వెళ్తే గోడకు ఆనుకుని కూర్చుని, తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. "దురద ఓర్చుకుంట, మంట ఓర్చుకుంట. పనికిరాని చేతులైనయి చూడు, గదే ఓరుస్తలేను" అంది. నేనేదో ఓదార్పు మాట మొదలుపెట్టాను. "నువ్వు ఊకో. ఆ దినం నువ్వు సుత ఊకున్నవు గద" అంది. 

ఎండాకాలం వచ్చింది. పెద్దవ్వ మనవరాలి పెళ్లి కుదిరింది. ఫోనులో ఏడ్చిందే, ఆ పిల్ల. అబ్బాయిది మంచిర్యాల. సారెకు సకినాలు కావాలి. అప్పుడు తెలిసింది కాలనీకి తన గొప్పతనం. ఆ రెండు పెళ్లిళ్లకూ సకినాలు చుట్టిన పాతవాళ్లు కూడా మొగుళ్లు రిటైరవడంతో ఈలోగా ఊళ్లకు పోయారు. పెద్దవ్వ వేళ్లు వాతంతో కొంకర్లు పోయాయి. మిగిలిన కోడళ్లూ కూతుళ్లూ ఇక్కడ పుట్టి మరాఠీ బడిలో చదువుకున్నవాళ్లు, సకినం తినడం తప్ప చుట్టడం రాదు. కొనుక్కొద్దాం అని ఎవరో అంటే పెద్దవ్వ మండిపడింది. "కొన్నయి పెట్టి పంపుతే పిల్లకు తల్లిగారు లేరనుకుంటరు!"

అప్పుడు మా వీరనారీమణులకు ఒక ఉపాయం తట్టింది. మరాఠీ ఇళ్లలో చకలీలు, మన జంతికల్లాంటివి, ఒత్తే గొట్టం ఉంటుంది కదా, దాంట్లో సకినాల పిండి పెట్టి ఒత్తితే సరి! పక్కింటి నుంచి గొట్టం అరువు తెచ్చారు. తిప్పుతుంటే నువ్వులు వెళ్లి చిల్లులో ఇరుక్కున్నాయి. చిల్లు పెద్దది చేశారు. పిండి గట్టిగా, మొద్దుగా దిగింది. నూనెలో వేశారు. వేళ్లతో వదులుగా తిప్పిన పురికి గాలి ఆడుతుంది, గొట్టంలో అదిమిన పిండికి ఆడదు. రెండు నిమిషాలకు ఒకటి టప్ మని పేలింది. దాని వెనకే ఇంకోటి. నూనె చిమ్మింది, పెళ్లికూతురి తల్లి గరిటె పారేసి గడప దాటింది, పిల్లలు దీపావళి అనుకుని చప్పట్లు కొట్టారు. పేలకుండా మిగిలినవాటిని పెద్దవ్వ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఇవి సకినాలా? మంచిర్యాలోళ్లు మనల్ని మరాఠోళ్లనుకుంటరు" అని మూలకు విసిరింది.

ఆ సాయంత్రం పెళ్లికూతురి తల్లి కుంకుమ భరిణ పట్టుకుని అక్క గుమ్మం ముందు నిలబడింది. వెనక ఇంకో ఇద్దరు. నేను గోడ దగ్గర చెవి అప్పగించి నిలబడ్డాను, దాపరికం లేదు.

"అక్కా, పెండ్లి పెట్టుకున్నం. నువ్వు రావాలె."

"పొయ్యికాడికా?" అంది అక్క.

"కాదక్కా. చుట్టనీకి."

"పొలుసు రాలుతదేమో."

ఆ తల్లి తల వంచుకుంది. అక్క లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసుకుందనే అనుకున్నాను. వేసుకున్నా తప్పులేదనుకున్నాను, లోపల లోపల వేసుకోవాలనే కోరుకున్నాను కూడా. కాసేపటికి బయటికి వచ్చింది. నుదురు ముందుకు పెట్టి బొట్టు పెట్టించుకుంది.

"వస్త. ఇంట్ల గాదు. పొద్దుగాల ఆరింటికి నడి గల్లీల ధోవతులు పరువుండ్రి. కాలనీల ఆడోళ్లందరు రావాలె. పెద్దవ్వ సుత."

మర్నాడు పొద్దున గల్లీ ఊడ్చి, నీళ్లు చల్లి, ధోవతులు పరిచారు. అందరూ వచ్చారు. వింత చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. పెద్దవ్వ తన గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది. పొట్టి చేతుల జాకెట్టు. అన్నేళ్లలో ఆమె మోచేతులు ఎండలో చూడటం నాకు అదే మొదటిసారి. ఎర్రగా, పొలుసులతో, ఉన్నవి ఉన్నట్టుగా. గల్లీ అంతా గుసగుస. పెళ్లికూతురి తల్లి గబగబా దగ్గరకు వెళ్లి, "అక్కా, నలుగురు చూస్తున్నరు, జర పొడుగు చేతులది తొడుక్కోరాదు?" అంది.

"తోలు నాది. సిగ్గు నీకెందుకే?" అంది అక్క.

గల్లీ చివరిదాకా వినపడింది ఆ మాట. వెళ్లి ధోవతి పక్కన పీట వేసుకుని కూర్చుంది. పిండి గిన్నె తెచ్చి ఎదురుగా పెట్టారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. వేలితో తనకు దూరంగా నెట్టింది.

"నేను చుట్టను. మీతోనే చుట్టిస్త. పిండిని మీరు పట్టుకోండ్రి, మిమ్ముల నేను పట్టుకుంట. నా చెయ్యి పిండికి తగలది, పొలుసు భయం లేదు. ఇగ భయమున్నదంటే అది నా చెయ్యంటెనే ఉన్నట్టు. గట్లుంటే మొఖం మీద చెప్పుండ్రి, లేచి పోత."

 సకినం చెయ్యి పట్టి నేర్పితే తప్ప రాదు, ఎంత చెప్పినా ఎంత చూపించినా రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, పెద్దవ్వకూ తెలుసు. వాళ్లు అడ్డం పెట్టుకున్న పిండిని ఆమె పక్కకు తీసేసింది. ఇక మిగిలింది చెయ్యి ఒక్కటే.

ఎవరూ కదల్లేదు. నేనే మొదట చెయ్యి ఇచ్చానని రాసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ ఇవ్వలేదు. లేద్దామా వద్దా అని నేను తర్జనభర్జన పడుతుండగా పెళ్లికూతురు లేచింది. పసుపు పాదాలతో ధోవతి దాటి వచ్చి, అక్క ముందు కూర్చుని, పిండి ముద్ద తీసుకుని కుడిచెయ్యి చాపింది. "నా సారె. ముందు నాకే నేర్పు" అంది. అక్క ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"బొటనవేలు ముందుకు తొయ్యి. చూపుడువేలు ఎనకకు గుంజు. పిసుకకే, అది మొగడు గాదు! తిప్పు. ఆఁ, గట్ల."

అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వుతో గల్లీ సడలింది. ఒక చుట్టు వచ్చింది, తెగింది, మళ్లీ వచ్చింది. పిల్ల వేళ్లలోంచి పిండి సన్నగా పురి పడి దిగడం చూసి తల్లి నోరు తెరిచింది. అప్పుడు లేచాను నేను. రెండోదాన్ని. ఆమె చెయ్యి నా చేతి మీద గరుకుగా, వెచ్చగా ఉంది. చెవి దగ్గరకు వంగి, "అటెంక చేతులు ఏరే కడుక్కుంటవా?" అని మెల్లగా అడిగింది. "మీ చీరకే తుడుచుకుంటాను" అన్నాను. "మీ చీరనా? ఎంతమంది చీరలకే?" అంటూ వెనక్కి తిరిగి వెతికింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగి, నా సకినం కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది.

ఆ తర్వాత పెళ్లికూతురి తల్లి వచ్చింది. ఆమె వెనక మరో కోడలు. ఒకసారి నేర్చుకున్నవాళ్లు పక్కకు జరిగి సొంతంగా మొదలుపెడుతున్నారు, వాళ్ల చోట్లో ఇంకొకరు కూర్చుంటున్నారు. ధోవతి మీద తెల్లటి చుట్లు వరసలు కడుతున్నాయి. అక్క అరుస్తోంది, తిడుతోంది, ఒకరి వేళ్లు మడుస్తోంది, ఇంకొకరి మణికట్టు మీద కొడుతోంది. ఎండ పైకి వస్తోంది. ఆమె మోచేతుల మీద చెమట మెరుస్తోంది.

అప్పుడు గడపలో కుర్చీ కిర్రుమంది. పెద్దవ్వ కర్ర ఊతంగా లేచింది. చుడుతున్న చేతులన్నీ ఆగాయి. ఆవిడ ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, నేల మీద కూర్చోవడానికి నా భుజం పట్టుకుని, అక్క ఎదురుగా చతికిలబడింది. కొంకర్లు పోయిన వేళ్లతో పిండి ముద్ద తీసుకుంది.

"నాకు సుత పట్టియ్యవే" అంది.

అక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపులో అంత దాకా ఉన్న హుషారు లేదు. "నాకు నేర్పిందే నువ్వు గదవ్వా" అంది. "నేను కొత్త కోడలినై ఈడికి వచ్చినప్పుడు గిట్లనే కూసోబెట్టి, నా చెయ్యి పట్టుకొని నేర్పినవు."

"ఎరుకే బిడ్డా" అంది పెద్దవ్వ.  "పట్టిన చెయ్యి నేనే ఇడిసిపెట్టిన. ఇయ్యాల నువ్వు పట్టుకో."

అక్క తన చెయ్యి ఆవిడ చేతి మీద పెట్టింది. పొలుసుల చెయ్యి, కొంకర చెయ్యి. రెండూ కలిసి పిండికి పురి తిప్పాయి. చుట్టు సరిగ్గా రాలేదు, మధ్యలో రెండుచోట్ల తెగింది. తెగినచోట అక్క ఆవిడ వేలితోనే అతికించింది. చివరి చుట్టు కలిసేసరికి ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఇద్దరికీ చేతులు ఖాళీ లేవు.

అక్క తల ఎత్తింది. గోడల మీద, గుమ్మాల్లో, కిటికీల్లో ఇంకా నిలబడి చూస్తున్నవాళ్లందరినీ ఒకసారి కలియచూసింది.

"ఇంకెవలున్నరు? చేతులు తెండ్రి!" అని అరిచింది.

వచ్చారు. మరాఠీ టీచరమ్మ కూడా వచ్చింది. మధ్యాహ్నం దాకా ఆమె చెయ్యి ఒక్క నిమిషం ఖాళీగా లేదు.